పిట్టల వాటా

1987 నవంబర్ 14, శనివారం. పొద్దున వాకిలి ఊడ్చి కల్లాపి చల్లాను. పాలు కాచాను. పప్పు పొయ్యి మీద పెట్టి, ఉడకకముందే దించి ఈ పోలీసు స్టేషన్‌కు వచ్చాను. బట్టలు నానబెట్టే ఉన్నాయి.

నా పేరు ప్రమోదిని. వయసు నలభై ఆరు. ఇంటిపని చూసుకుంటాను. పెద్దపల్లి శివారులోని వరి పరిశోధన క్షేత్రంలో పనిచేసే జలపతిరావు గారి భార్యను.

ఆయన ఒక వరి పుప్పొడిని మరో వరికి కలిపి కొత్త వంగడాలు పుట్టిస్తారు. మిరుగు కార్తెకు పడాల్సిన వాన ఈ మధ్య ఏటా ఆరుద్ర కార్తె దాటినా రావడం లేదు. "కాలం మన మాట వినదు ప్రమోదినీ, వడ్లనే కాలానికి తగ్గట్టు మలచాలె" అంటారు అన్నం తింటూ. ఏడేళ్లుగా అదే పని. ఈ యేడు ఎండకు మడి మొత్తం మాడిపోగా ఒక్క వరుస గింజ పట్టింది. ఆ కంకులకు కాగితపు సంచులు తొడిగి, కాడలకు అట్ట చీట్లు కట్టారు. బుధవారం మీటింగుకని కరీంనగర్ వెళ్లారు.

రాజక్క ఆ క్షేత్రంలో నాటు, కలుపు పనులు చేస్తుంది. ఏటా కోతల ముందు వరికంకులు జడలా అల్లి, పిచ్చుకలు తినడానికి మా వసారా దూలానికి కడుతుంది. మొన్న గురువారం దీపం పెట్టే వేళ అలా అల్లిన కుచ్చు పట్టుకుని వచ్చింది.

"ఏందే రాజక్కా, గింత కరువుల యాడ దొరికినయ్?" అన్నాను.

"సారు పున్నెం కొద్ది దొరికినయ్. అడుగకమ్మా, పిట్టలను తిననియ్యి."

ఆమె దాన్ని దూలానికి కట్టాక బెల్లం ఇచ్చి పంపాను. చీకట్లో కుచ్చును పరికించి చూడలేదు, నిన్నంతా పనుల్లో తలెత్తి చూసిందీ లేదు.

ఈ పొద్దున మా వారు బస్సు దిగి వచ్చేసరికి క్షేత్రం కావలి ముత్తయ్య మా గేటు దగ్గర ఉన్నాడు. ఆ వరుస కంకులు ఎవరో కోశారని, క్షేత్రం అధికారి ఫిర్యాదుతో రాజక్కను స్టేషన్‌కు తీసుకుపోయారని చెప్పాడు. సంచులు మాత్రం నీటుగా మడిచి గట్టు మీద రాయి కింద పెట్టి ఉన్నాయట. ఏ దొంగ అలా పెడతాడు?

నేను వసారా వైపు చూశాను. కింద పొట్టు రాలి ఉంది. కుచ్చు మీద పిచ్చుకలు. జడలో అట్ట చీట్లు. మా వారు చూసి, అవి తాను కట్టిన చీట్లేనన్నారు. నేనే పీట వేసుకుని కుచ్చు దించి, తువ్వాలలో చుట్టి, మా వారితో కలిసి ఇక్కడికి తెచ్చాను.

ఇక్కడ స్టేషన్‌లో, హెడ్ కానిస్టేబుల్ గారూ, సంచులెందుకు తీశావని మీరు అడిగితే, రాజక్క అందరి ముందు చెప్పింది.

"పిట్టలు తినకుంట సారు కంకులకు టోపీలు తొడిగిండు. కరువుల గింజ దాపెడితె పాపం తాకదా? సారు మంచోడు, సదువులవడి మరిసిండు. అందుకే కోసి సారు ఇంట్లనే కట్టిన. పాపం సారుకు తాకొద్దని."

"అవి పిట్టల కోసం కాదు రాజక్కా," అన్నారు మా వారు. "పక్క వరి పుప్పొడి వచ్చి కలవకుంట తొడిగిన."

"గా ముక్క ముందే చెప్తె నీ సొమ్మేం బోయె సారూ?"

మా వారు తువ్వాల విప్పి జడను ఒత్తి చూశారు. పై గింజలు పోయాయి. రాజక్క అల్లిక బిగువు, లోపలి గింజలకు పిచ్చుకల ముక్కు అందలేదు. చీట్లూ ఉన్నాయి. నారు పోయడానికి సరిపోతాయన్నారు. "ఎండకు నిలబడ్డయి గానీ పిట్టలకు నిలబడలే" అని నవ్వారు. మీరు కూడా నవ్వారు. అది రాయనక్కర లేదన్నారు. రాయమని నేను కోరుతున్నాను.

రాజక్క దొంగ కాదు. కంకులు మా ఇంటి నుంచి ఎక్కడికీ పోలేదు. ఆమెను నాతో పంపండి. పప్పు సగమే ఉడికింది, వెళ్లి ఆమెకూ కలిపి అన్నం పెట్టాలి.

రాసింది చదివి వినిపించారు. నేను చూసింది, విన్నది ఇందులో ఉంది, కల్పించింది లేదు.

వచ్చే వానాకాలం గట్టు పక్కన ఒక వరుసకు టోపీలు తొడగనని మా వారు రాజక్కకు మాట ఇచ్చారు. ఈ యేటి పిట్టల బాకీ మాత్రం చెల్లిపోయింది.

(సంతకం) ప్రమోదిని