నున్నగా రుద్దిన అంచు

"ఈ పైపు విరగలేదు బావా, ఎవరో రంపంతో కోశారు."

"కోశారా? చూడనీ. తుప్పు పట్టి విరిగుంటుందిలే."

పేటంతటికీ నీళ్లు తోడే పంపు గది అది. గుంటలో దిగి ఉన్నది ఆ పంపు చూసుకునే మున్సిపాలిటీ మెకానిక్కు. గట్టు మీద టార్చి పట్టుకుని కూర్చున్నది ఆమె అక్క మొగుడు, పక్క సందులోని బట్టల ఫ్యాక్టరీలో ఫిట్టరు.

"తుప్పు పట్టిన పైపు ఇంత తిన్నగా విరుగుతుందా?"

"ఎలకలు కొరికుంటాయి."

"ఇనప పైపునా? ఎలకలకి రంపం ఎవరిచ్చారు బావా? టార్చి ఇటు పట్టు. అటు కాదు, ఇటు. ధ్యాసెక్కడుంది నీకు?"

"పొద్దుట్నుంచీ ఏమీ తినలేదు. ఆసుపత్రి నుంచి నేరుగా ఇటే వచ్చా."

"పాపకెలా ఉంది?"

"సెలైను ఎక్కిస్తున్నారు. మీ అక్క దగ్గరుంది."

"దేనివల్లన్నాడు డాక్టరు?"

"ఏదో అన్నాడు."

"ఏదో అంటే?"

"ట్యాంకరు నీళ్లన్నాడు. ఇంక ఆ సంగతి వదిలెయ్."

"వదిలెయ్యడమేంటి? మోటారే పాడైందనుకుని వారం నుంచీ దాని చుట్టూనే తిరిగా. ఇవాళ గుంటలో మురుగు తోడితే గానీ ఈ కోత కనబడలేదు. ఈలోపు పేట పేటంతా ఆ ట్యాంకరు నీళ్లే తాగింది. వాడు దొరకాలి గానీ, ఈ గుంటలోనే నిలబెట్టి..."

"ఎవడు?"

"మీ మేనేజరు. ఇంకెవడు?"

"మెల్లగా మాట్లాడు. బయటికి వినబడుతుంది."

"వినబడనీ. ఈ పేట వెనకబడిన పేటల జాబితాలో ఉన్నన్నాళ్లే మీ కంపెనీకి పన్ను మాఫీ. సాయంత్రం సర్వేవాళ్లొస్తున్నారు. వీధి దీపాలొచ్చాయి, రోడ్డొచ్చింది, బడికి పైకప్పు పడింది. కుళాయిలో నీళ్లు కూడా కనబడితే బాగుపడిన పేట అని రాసుకుపోతారు. మాఫీ కాస్తా ఎగిరిపోతుంది. నీళ్లు రాకపోతే ఎవరికి లాభమో పసిపిల్లనడిగినా చెబుతుంది."

"ఆయనకి రంపం ఎటువైపు పట్టుకోవాలో కూడా తెలీదు."

"ఎవడిచేతో కోయించుంటాడు. సర్లే, ముందు కొత్త ముక్క బిగిస్తా. నా సంచీలో ఉంది, అందుకో. వాళ్లొచ్చేసరికి నీళ్లు వదిలేస్తా."

"ఇవాళొద్దు."

"ఏంటీ?"

"రేపు బిగిద్దాం అంటున్నా. వాళ్లొచ్చి వెళ్లాక."

"అంటే ఈ రాత్రి కూడా జనం ఆ నీళ్లే తాగాలా? నీ మాట తేడాగా ఉంది బావా. నువ్వందుకోకపోతే నేనే పైకొచ్చి తీసుకుంటా. జరుగు. సంచీ ఏది?"

"బయట పెట్టా."

"బయటెందుకు పెట్టావు? ఈ తలుపేంటి, రావట్లేదు?"

"వానకి ఉబ్బి బిగుసుకుంది."

"ఇనప తలుపు. ఇనుము ఎప్పట్నుంచి ఉబ్బుతోంది?"

"కూచో మరదలా. కాసేపలా కూచో."

"తాళంచెవి ఇవ్వు."

"నా దగ్గర లేదు."

"జేబులో గలగలమంటున్నదేంటి మరి?"

"ఇంటివి."

"అరిస్తే జనమొస్తారు బావా."

"ఫ్యాక్టరీలో షిఫ్టు నడుస్తోంది. ఆ హోరులో ఎవరికీ వినబడదు."

"ఇందాక వినబడుతుందన్నావు."

"ఇందాకన్నదేదో అన్నాలే. నా మాట విను. నీకు జీతం మున్సిపాలిటీ ఇస్తుంది. పేట బాగుపడినా ఇస్తుంది, ఇలాగే ఉన్నా ఇస్తుంది. మా సంగతలా కాదు. పెళ్లికి ముందు నేనున్న పేట కూడా బాగుపడింది. అందరం సంబరపడ్డాం. మాఫీ తీసేశారన్న వారంలోనే కంపెనీ మూటాముల్లే సర్దుకుంది. మెషీన్లు విప్పింది నేను. లారీకెక్కించింది నేను. కుట్టే ఆడాళ్లంతా గేటు బయట నిలబడి చూశారు. ఒక్కరు కూడా నన్ను తిట్టలేదు. తిట్టినా బావుండేది."

"పాపం. అందుకని వాడేం చేసినా నోరు మూసుకోమంటావా?"

"ఈసారి మీ అక్క కుట్టే మెషీను కూడా నేనే విప్పాలి."

"అక్క అనీ పాప అనీ నన్ను కట్టిపడెయ్యకు. బాగుపడితే కూడు పోతుంది, కూడు కావాలంటే బాగుపడకూడదు. ఇలా ఎన్నాళ్లు? వీధి దీపాలు కూడా పగలగొట్టేద్దామా? బడి కప్పు పీకేద్దామా?"

"వేరే దారి ఉంటే చెప్పు. ఏ దారైనా సరే, చెప్పు."

"తలుపు తియ్యి, చెబుతా."

"తియ్యను."

"అయితే ఒక్కటి చెప్పు. పైపు కోశాక అంచు ఎలా ఉంటుంది?"

"కత్తిలా ఉంటుంది. అదేం ప్రశ్న?"

"ఇందాక గుంటలో ఈ అంచు చుట్టూ వేలు పెట్టి తడిమా. చర్మం మీద గీత కూడా పడలేదు. ఇదిగో చూడు. కోసినవాడు చుట్టూ ఆకురాయి పట్టాడు. పాడు చెయ్యడానికి దొంగలా దూరినవాడు, కూచుని ఓపిగ్గా నున్నగా రుద్దుతాడా?"

"అలవాటేమో."

"ఎవరి అలవాటు?"

"పనిచేసేవాళ్లందరిదీను."

"అందరిదీ కాదు. నాకు పైపు పని నేర్పింది నువ్వు. కోశాక ఆకురాయి పట్టకపోతే నెత్తిన మొట్టేవాడివి. ఈ పేటలో ఇంకొకరెవరున్నారో చెప్పు. టార్చి దించకు బావా. నా మొహం వైపు పట్టి చెప్పు."

"అది అలవాటు కాదే. ఈ గుంటలో చెయ్యి పెట్టేది నువ్వొక్కదానివే కదా, తెగుతుందని రుద్దా. కోసింది నేనే. మేనేజరు చెప్పలేదు, ఎవరూ చెప్పలేదు. మర్నాడే సర్వే అన్నారు, ఒక్క రోజు నీళ్లు రాకపోతే ఏమవుతుందిలే అనుకున్నా. వాళ్లేమో ఇవాళ్టికి వాయిదా వేశారు. నువ్వు మోటారు విప్పుతున్నన్నాళ్లూ ఇలాగే టార్చి పట్టుకుని కూచున్నా. ఆ ట్యాంకరు దగ్గర తోసుకుని, తిట్లు తిని, బిందె మోసుకెళ్లింది నేనే. పాప దాహమంటే గ్లాసులో పోసి తాగించింది కూడా నేనే."