కొబ్బరి దుంగ మీద బస్సు

పాలకొల్లు కాలవ గట్టున బేబీ టీకొట్లో పొద్దున్న ఏడున్నరకి చంద్రరావు నోరు తెరిచాడంటే, రెండో విడత పాలు పొంగేదాకా మూయడు. అంత నోటికి ఒక సాక్షి కూడా ఉండాలి కదా. ఆ సాక్షి సత్తియ్య. చంద్రరావుకి స్వయానా బావమరిది, రెండేళ్ళ కిందటిదాకా సముద్రం మీద వేటకెళ్ళిన మనిషి. ఇప్పుడు కుడిచెయ్యి మోచేతి కింద లేదు. పడవ ఇంజన్లో పడి పోయిందని ఊరంతా అనుకుంటుంది. చంద్రరావు అలా చెప్పాడు, సత్తియ్య కాదనలేదు. అప్పట్నుంచీ బెంచీ చివర కూచుని, ఎడం చేత్తో గ్లాసు పట్టుకుని, బావ "అవునా సత్తియ్యా?" అన్నప్పుడల్లా "ఆయ్" అనడమే అతనికి మిగిలిన ఉద్యోగం.

ఆ రోజు కొత్తగా సుకుమార్ మాస్టారు వచ్చారు. మిషన్ హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరైన మనిషి. సినిమావాళ్ళు వాడి వదిలేసిన పాత క్యారవాన్ ఒకటి కొన్నారు. లోపల మంచం, పొయ్యి, బాత్రూము అన్నీ ఉన్న బస్సు. భార్య ప్రసన్నకుమారి గారిని అందులో కూచోబెట్టుకుని దేశం తిరగాలని కోరిక. తీరా చూస్తే బస్సు వెనక ఎడంవైపు కుంగిపోయింది. దాని కింద కుదుపులు ఆపే ఇనప కమాన్లకి బదులు గాలి నింపిన రబ్బరు బ్యాగులుంటాయి, అందులో ఒకటి చిరిగింది. కొత్త బ్యాగులు నిన్న కొరియర్లో దిగాయి. మెకానిక్కుని పిలవకుండా తన చేత్తో తనే బిగించుకోవాలని ఆయన పంతం. ఫోన్లో వీడియోలన్నీ చూసేశారు. అనుభవం ఉన్నవాడి మాట కూడా విందామని నోటుబుక్కు పట్టుకుని వచ్చారు.

నోటుబుక్కు చూడగానే చంద్రరావుకి ఛాతీ పొంగింది.

"అదెంత పనండి మాస్టారూ! మొగల్తూరు అవతల షూటింగ్ జరిగినప్పుడు హీరో గారి క్యారవాన్‌కి సరిగ్గా ఇదే రోగమండి, హీరో పేరు చెప్పకూడదు, మాటిచ్చాను, హైదరాబాద్ నుంచి కంపెనీ మెకానిక్కులు రావాలి రెండ్రోజులు పడుద్దన్నారు, మేనేజరు నా కాళ్ళు పట్టుకున్నంత పని చేశాడు, సరే పాపం అని వెళ్ళి, పూట తిరక్కుండా బ్యాగు మార్చేశానండి. అవునా సత్తియ్యా?"

"ఆయ్."

"హీరో గారు అప్పుడెక్కడున్నారండి?" ఆటో గణేష్‌బాబు అడిగాడు. రోజూ వినే కథే, రోజూ ఇక్కడే అడుగుతాడు.

"ఎక్కడుంటారు, లోపలే, నిద్రలో! లేపితే షూటింగ్ క్యాన్సిల్ అన్నారయ్యా. పైన ఆయన గురక పెడుతుండగా కింద నేను గాలి వదిలి, పైపు పీకి, నట్ల మీదకొచ్చాను. ఆ తర్వాత ఏమైందో తెలుసా? స్పానరు సైజు సరిపోలేదు! ఆగుతానా? ఈ రెండు వేళ్ళతో తిప్పానండి, సోడా మూతల్లాగ ఊడి వచ్చేసినయ్."

"వేళ్ళకేం కాలేదేంటి?" బేబీ పాలు తిప్పుతూ అంది.

"నా వేళ్ళకేమవుద్దమ్మా? నట్లకే గీతలు పడ్డాయి."

అందరూ నవ్వారు. సత్తియ్యకి లేని వేళ్ళు దురద పెట్టాయి. ఈ కథ ఇక్కడికి వచ్చేసరికి రోజూ పెడతాయి. గోక్కోవడానికి అక్కడ ఏమీ ఉండదు.

"ఇంతలో జాకీ విరిగింది. మీరైతే ఏం చేస్తారు మాస్టారూ? నేను నడుం వంచి బస్సు కిందకి దూరి, ధాన్యం బస్తా ఎత్తినట్టు వీపు మీద ఎత్తాను. ఎత్తి అలా నిలబడే ఒక చేత్తో పాత బ్యాగు లాగి, రెండో చేత్తో కొత్తది పెట్టాను. ఇక గాలి నింపాలి. ఆ తర్వాత ఏమైందో తెలుసా? కంప్రెసరు లేదు! నోరుంది కదా అని పైపు నోట్లో పెట్టుకుని ఊదాను. ఒక్క ఊపిరండి! బస్సు లేచింది, లేచింది, తాడిచెట్టంత లేచింది, హీరో గారు కళ్ళు నులుముకుని కిటికీలోంచి చూస్తే కోరుకొండ నరసింహస్వామి గుడి కనపడిందంట, అక్కణ్ణుంచే దణ్ణం పెట్టుకున్నారంట. మెల్లిగా గాలి తీసి దించాను. దించి తుని దాకా హైవే మీద తోలితే డాష్‌బోర్డు మీద పెట్టిన కాఫీ తొణకలేదు. అవునా సత్తియ్యా?"

"ఆయ్."

రోజూ ఇక్కడితో ఐపోవాలి. నవ్వుకుని ఎవరి పని మీద వాళ్ళు పోవాలి. కానీ మాస్టారు నవ్వలేదు. లెక్కల మనిషి కదా, ఊదిన సంగతీ ఎత్తిన సంగతీ పక్కన పెట్టేసి, పనికొచ్చేది ఒక్కటి అడిగారు.

"అది సరేనండి చంద్రరావు గారూ, గాలి వదిలినప్పుడు బస్సు దేని మీద నిలబెట్టారు? వీడియోలో ఇనప స్టాండ్లు చూపించారు. నా దగ్గర లేవు."

చంద్రరావు ఒక్క క్షణం తడబడ్డాడు. అది సత్తియ్యకే కనపడింది.

"స్టాండ్లెందుకండీ బాబూ, కొబ్బరి దుంగలుండగా! కోసి నిలబెట్టా, బస్సుని మోస్తూ నిలబడిపోయినయ్."

"నేనూ అదే అనుకున్నా," మాస్టారి మొహం వెలిగింది. "మా పెరట్లో మొన్న గాలికి పడిన చెట్టుంది. మూరెడు ముక్కలు కోయించి బస్సు కింద సర్దేశాను కూడా. పది గంటలకి కిందకి దూరతాను." నోటుబుక్కులో రాసుకున్నారు.

"దూరండి, దర్జాగా దూరండి! అవునా సత్తియ్యా?"

సత్తియ్య పలకలేదు.

"అవునా సత్తియ్యా?"

ఆస్పత్రి మంచం పక్కన తన పాదాలు పట్టుకున్న అక్క వెంకటదుర్గ గుర్తొచ్చింది అతనికి. కేసైతే నీ బావ జైలుకెళ్తాడురా, పడవ మీద పోయిందని చెప్పరా తమ్ముడూ అని ఏడ్చింది. ఆ అబద్ధం ఆమె కోసం మింగాడు. దాన్ని భరించాడు. కానీ తన చెయ్యి పోయిన చోటే ఈ మనిషి రోజూ ఒక నవ్వుల కథ కడుతుంటే, దానికి తనే తలూపాల్సి రావడం మాత్రం అసహ్యంగా ఉంది. చంద్రరావు ఒక్కసారైనా నోరు మూసుకుని ఉంటే క్షమించేసేవాడేమో.

గ్లాసు బెంచీ మీద పెట్టాడు.

"ఆ తర్వాత ఏమైందో నేను చెప్తానండి మాస్టారూ."

"నీకెందుకురా," అన్నాడు చంద్రరావు.

"ఆ షూటింగ్ దగ్గర నేను, తుమ్మ మొద్దులు తెస్తాను బావా, ఒడ్డుకి లాగినప్పుడు పడవ కిందేసేవి ఇంటి దగ్గరున్నాయి అన్నానండి. సినిమావాళ్ళు చూస్తున్నారు, ఆలస్యమైతే పరువు పోద్దన్నాడు. కొబ్బరి దుంగ కాలవ మీద వంతెనగా వేస్తాం, ఊరందరినీ మోస్తుంది, బస్సుని మొయ్యదా అన్నాడు. పొడుగ్గా పడుకోబెడితే మోస్తుందండి కొబ్బరి. ముక్క కోసి నిలబెడితే చుట్టూ పెంకే గట్టి, లోపలంతా పచ్చి పీచు. గాలి వదిలాడు. బరువంతా దుంగ మీదకొచ్చింది. పెద్ద చప్పుడేం రాలేదు, చెరుకు నమిలినట్టు వచ్చింది. అప్పుడు కింద బోల్టు విప్పుతోంది ఆయన కాదండి." చొక్కా చెయ్యి పైకి లాగాడు. "నేను."

కొట్లో పాలు పొంగి పొయ్యి మీద పడ్డాయి. బేబీ చూసుకోలేదు.

"మరి పడవ ఇంజనో?" అన్నాడు గణేష్‌బాబు నెమ్మదిగా.

"పడవ ఇంజను నాకేం చెయ్యలేదయ్యా. పాపం, రెండేళ్ళుగా దాన్ని ఆడిపోసుకుంటున్నాం."

"బ్యాగు ఎవరు మార్చారు?" అడిగారు మాస్టారు.

"హైదరాబాద్ వాళ్ళేనండి. రెండ్రోజులకి వచ్చారు. ఆ రోజు లోపల హీరో గారు లేరు, ఎవరూ లేరు. ఖాళీ బస్సు."

చంద్రరావు పెద్దగా నవ్వాడు. "చూశారా! నా పక్కన కూచుని కూచుని వీడూ కోతలు కొయ్యడం నేర్చుకున్నాడు!"

ఎవరూ నవ్వలేదు. చంద్రరావు నవ్వు సగంలో ఆగింది. గ్లాసెత్తి తాగబోయాడు. అందులో టీ లేదు.

"మీ అక్క మొహం ఎలా చూస్తావురా?" అన్నాడు పళ్ళు బిగించి.

"అక్క కోసమే బావా, రెండేళ్ళు ఆయ్ అన్నాను. పది దాటాక ప్రసన్నకుమారి గారి మొహం ఎలా చూడమంటావు?"

మాస్టారు నోటుబుక్కులో ఆ పేజీ చింపారు. సత్తియ్య ఎదురుగా వచ్చి నిలబడ్డారు.

"పదండి," సత్తియ్య లేచాడు. "పడవ అమ్మేశాను గానీ మొద్దులు ఎవరికీ ఇవ్వలేదండి, నాలుగూ ఉన్నాయి. ఒక చివర నేను పట్టుకుంటాను. రెండో చివర మీరు పట్టాలి."