పిన్ని చెప్పిన పేరు

(రైఫిల్ క్లబ్బు వెనక గది, మిట్టమధ్యాహ్నం. మాస్టారు బల్ల ముందు కూర్చుని తుపాకీ గొట్టం తుడుస్తున్నాడు. పసితనంలోనే తెచ్చి పెంచుకుని, మనుషుల్ని చంపడం నేర్పిన పిల్ల పనిమీద వెళ్లి తిరిగొచ్చింది.)

“అయిందా లేదా, ముందు అది చెప్పు.”

“అయింది మాస్టారూ.”

“ఒక్క తూటాతోనేనా?”

“ఒక్కటే. పెరట్లో బట్టలారేస్తున్నాడు. దుప్పటి రెండు చేతులా ఎత్తి తీగ మీద వేస్తుంటే కొట్టాను.”

“ఇంకేం. మీ నాన్నని పొట్టనబెట్టుకున్నవాడు పోయాడు. నీ పగ తీరింది. అలా నిలబడిపోయావేం పిట్టా, కూర్చో.”

“పర్లేదు, నిలబడతాను. మీరు చెప్పినట్టే తుపాకీ దాచేసి దగ్గరికెళ్లి చూశాను. ప్రాణం పోయిందో లేదో చూడందే కదలొద్దంటారుగా.”

“మంచి పని చేశావు.”

“ఆయన భార్య అక్కడే ఉంది.”

“భార్యా? ఆ వేళకి ఇంట్లో ఉండదన్నారే. నిన్ను చూసిందా?”

“చూసింది. చప్పుడు విని సాయానికొచ్చిన దాన్ననుకుంది. నెత్తురు ఆపమని, ఆరేసిన తువ్వాలు లాగి నా చేతిలో పెట్టింది. పెట్టి, నా మొహం చూసి ఆగిపోయింది. అచ్చం మీ నాన్న పోలికే, నువ్వు మా బావగారి కూతురివి కదూ అంది.”

“ఆ స్థితిలో మనిషి ఏదో వాగుతుంది. అవన్నీ మనసులో పెట్టుకుంటే ఎలా?”

“నా చిన్నప్పటి పేరు పెట్టి పిలిచింది. ఆ పేరు మీకూ నాకూ తప్ప ఎవరికీ తెలీదన్నారు మీరు.”

“ఊఁ.”

“ఆ గుడ్డ కింద పెట్టండి మాస్టారూ. ఎంతసేపని ఒక్కచోటే తుడుస్తారు?”

“పెట్టాను. చెప్పు, ఇంకేమంది?”

“ఆయన మా నాన్న తమ్ముడట. నాకు బాబాయి. నేను మాయమైన రోజు నుంచీ నాకోసం తిరగని ఊరు లేదట. నాన్న కూడా మనలాగే డబ్బుకి మనుషుల్ని చంపేవాడట, ఈ పని మానేస్తానన్నాడట. ఆ రోజు స్నేహితుడొకడు భోజనానికొచ్చి, కడుపునిండా తిని, చెయ్యి కడుక్కుని, నాన్నని కాల్చాడట. బాబాయి వెళ్లేసరికి నాన్నకింకా ఊపిరుంది. ఆ స్నేహితుడి పేరు చెప్పి పోయాడట. పిన్ని ఆ పేరు నాకు చెప్పింది. బాబాయి తల నా ఒళ్లో ఉండగా చెప్పింది.”

“పిట్టా, నా మాట...”

“ఉండండి. కాల్చింది నేనేనని పిన్నికింకా తెలీదు. కాస్త ముందొచ్చుంటే మీ బాబాయి కళ్లారా చూసుకునేవాడు కదే అని నన్ను పట్టుకుని ఏడ్చింది. ఏం చెప్పమంటారు నన్ను?”

“పని చెప్పినవాళ్లు నిన్ను కూడా చంపమన్నారు. తలుపు పక్కన నిలబడి నన్నే చూస్తున్నావు. చెయ్యి లేవలేదు నాకు. ఎత్తుకొచ్చేశాను.”

“ఎత్తుకొచ్చి పెంచారు. జ్వరమొస్తే కంటికి కునుకు లేకుండా పక్కనే కూర్చున్నారు. నాకోసం జడలెయ్యడం కూడా నేర్చుకున్నారు. అదే మింగుడుపడటం లేదు. ఆయన్నెందుకు చంపించారు? అదీ నా చేత?”

“వాడు నా ఆచూకీ తీశాడు. ఇవాళో రేపో వచ్చి నిన్ను తీసుకుపోయేవాడు.”

“తీసుకుపోతే?”

“నాకెవరున్నారు?”

“ఇప్పుడు నాకు మాత్రం ఎవరున్నారు?”

“సరే. తుపాకీ ఇదిగో. తూటా నేనే పెట్టి ఇస్తాను. నీ కసి తీర్చుకో. నేను కదలను.”

“నా చేతిలో పోవడం మీకిష్టమే. కన్నకూతురి చేతిలో పోయినట్టుంటుంది. ఆ తృప్తి మీకు దక్కనివ్వను.”

“మరి ఏం చేద్దామని వచ్చావు?”

“మిమ్మల్ని ఈ కుర్చీలోంచి లేవకుండా మాటల్లో పెడదామని. నేరుగా ఇక్కడికి రాలేదు నేను. కొత్తగా చేర్చుకున్నారే, నాన్న పోయిన పిల్ల, దాన్ని కలిసొచ్చాను. మీ వెనక కిటికీలోంచి కనబడే మేడ మీద తుపాకీతో ఉంది. మిమ్మల్నే చూస్తోంది.”

“దానికి నా మీద ఏం పగ?”

“వాళ్ల నాన్నని చంపింది మీరేనని చెప్పాను.”

“అతను లారీ కింద పడి పోయాడు. నేనసలు అతని మొహమే చూడలేదు. అబద్ధం కదే అది.”

“అబద్ధమే మాస్టారూ. మీరు నాకెలా చెప్పారో అలాగే చెప్పాను, తల నిమురుతూ.”