తెలుగువాళ్ళు నూటికి నూరు

హలో… ఆ, నేనే. కృష్ణవేణినే. ఎవరండీ?…

స్కూలు నుంచా? అయ్యో, దేదీప్యకేమైంది? పడిందా? జ్వరమా?… ఏమీ కాలేదా. నిజం చెప్పండి, నేను తట్టుకోగలను… క్లాసులోనే ఉందా. మీరు కళ్ళతో చూశారా?… చూడలేదు. మరి ఎలా చెబుతున్నారు?…

ఓహో. బడి కాదు, బడులన్నిటికీ పైన ఉండే ఆఫీసు. డిస్ట్రిక్ట్ ఆఫీసు… సరే. ఒక్క నిమిషం ఉండండి, కూర్చుంటాను…

ఆ, ఇప్పుడు చెప్పండి. నమ్రతగారా… గారు వద్దా. సరేనమ్మా. నువ్వు కూడా ఆంటీ అనకు, నాకు డెబ్బై ఒకటి… అమ్మమ్మా అంటావా, అను. మీదే ఊరు?… కరీంనగరా. మాది తెనాలి దగ్గర. ఎక్కడి కరీంనగర్, ఎక్కడి తెనాలి, ఈ అరిజోనాలో మాట్లాడుకుంటున్నాం… కాస్త మెల్లగా మాట్లాడతాను, ఏమనుకోకు. మా కోడలు అంకిత పైన గదిలో మీటింగులో ఉంది. దాని ఆఫీసు ఆ గదిలోనే…

ఫారమా?… ఏ ఫారం?…

ఆ… అది. నింపింది నేనేనమ్మా. నా చేతిరాతే…

ఏం, తప్పా? నా వీసాకేమైనా అవుతుందా? నేను ఆరు నెలలకి వచ్చిన మనిషిని. కానీ దాచలేదు. తల్లా, తండ్రా, సంరక్షకులా, ఇతరులా అని అడిగితే ఇతరులు అన్న గడిలోనే టిక్కు పెట్టాను. పక్కన నాన్నమ్మ అని కూడా రాశాను… ఏమీ కాదా. ఒట్టు?… సరే, నమ్ముతాను.

ఎలా నింపానా… మీ ఉత్తరం ఫారంతో సహా అయిదు భాషల్లో వచ్చింది కదా. మా అబ్బాయి ఫణి ఇంగ్లీషు కాగితం ఉంచుకుని మిగతావి చెత్తబుట్టలో వేశాడు. నీలం బుట్టలో. నేను తీశాను. తెలుగు అక్షరం కనబడితే నేను ఊరుకోలేను, పచ్చడి సీసా మీద ఉన్నది కూడా చివరిదాకా చదువుతాను… ఆ, పదకొండు పేజీలూ చదివాను… ఒకసారి కాదు, మూడుసార్లు. ఆరో తరగతి పిల్లల్ని ఎలిమెంటరీలోనే పెద్దవాళ్ళుగా ఉంచాలా, మిడిల్ స్కూలుకి పంపి అక్కడ చిన్నవాళ్ళని చెయ్యాలా అని. బాగా రాశారు. కాకపోతే ఆ తెలుగు కొంచెం జంతికలా ఉంది, నమలాల్సి వచ్చింది. ఎవరు రాశారో…

నువ్వా.

లేదమ్మా, బాగుంది. జంతిక మంచిదేగా…

ఎలిమెంటరీలోనే ఉంచాలని పెట్టాను. అవును. ఒకరోజు పొద్దున పిల్ల లోపలికి వెళ్ళిపోయాక, వెనకాలే వెళ్ళి బడి ఆఫీసులో నా చేత్తోనే ఇచ్చాను. అక్కడి ఆవిడ నవ్వి తీసుకుంది. ఇంట్లో ఎవరికీ తెలియదు. అది కాస్త గుర్తుపెట్టుకో.

ఆ గొడవ నాకు తెలుసు. పోయినవారం మీటింగులో మీ వాళ్ళు తెర మీద వేశారట కదా, తెలుగు కుటుంబాలు నూటికి నూరు శాతం ఎలిమెంటరీయే కోరుతున్నాయని. మా ఫణి అన్నం తింటూ చెప్పాడు. వాళ్ళ వాట్సాప్ గ్రూపు భగ్గుమందట. మనమందరం మిడిల్ స్కూలే కావాలంటున్నాం, అక్కడైతే లెక్కలు ఒక ఏడాది ముందు చెబుతారు, ఎవరు చేశారు ఈ పని అని శ్యామ్‌సుందర్ అనే ఆయన పెద్ద మెసేజ్ పెట్టాడట. ఫణి కూడా ఒకటి పెట్టాడట… నేనేమన్నానా? పప్పు ఇంకాస్త వెయ్యనా అన్నాను.

కానీ నీకు నిజం చెప్పనా, లోపల ధైర్యం వచ్చింది. మాట్లాడరు గానీ, ఇక్కడ నాలాంటి ముసలివాళ్ళు చాలామందే ఉన్నారు, అందరూ నాలాగే అనుకున్నారు, అందరూ తలుపులు వేసుకుని నింపారు అనుకున్నాను. పార్కులో ఎవరు కనబడినా నవ్వుతున్నాను, మనం మనం ఒకటి అన్నట్టు… ఎంతమందిమమ్మా మొత్తం?…

ఒకటా.

ఒక పది కాదు, ఒకటి…

మా వీధిలోనే తెలుగు ఇళ్ళు పదకొండు ఉన్నాయే. వాళ్ళు?… ఇంగ్లీషు ఫారం నింపారు. అంటే వాళ్ళు ఇంగ్లీషువాళ్ళ లెక్కలో కలిసిపోయారు. తెలుగువాళ్ళంటే నేను. టూరిస్టు వీసా మీద వచ్చినదాన్ని… నువ్వు నవ్వితే నాకు నవ్వొస్తోంది, నవ్వకు. పైకి వినబడుతుంది…

ఆ, అడుగు. ఎందుకు అలా పెట్టానా? కింద రాశానుగా… ఇంకాస్త వివరంగానా. సరే. మా దేదీప్య వచ్చే ఏడు ఆరుకొస్తుంది. ఆరో తరగతి పిల్ల ఎంతమ్మా, పదకొండేళ్ళు. మిడిల్ స్కూల్లో మీసాలొచ్చిన పిల్లలుంటారు. గంటకో గది మారాలట. బస్సు ఏడింటికే వస్తుందట, చలికాలంలో అప్పుడింకా మసకే. ఎలిమెంటరీలో అయితే ఆరో తరగతివాళ్ళు పెద్దవాళ్ళు. చంటిపిల్లలకి కథలు చదివి వినిపిస్తారు, వాళ్ళని రోడ్డు దాటించడానికి జెండా పట్టుకుంటారు. ఒక ఏడాదైనా పెద్దరికం రుచి చూడనివ్వాలి. పైగా ఆ బడి మాకు పది నిమిషాల నడక. చెయ్యి పట్టుకుని తీసుకెళ్తే—

ఏమన్నావు?… ఆ, పట్టుకుంటుంది. పట్టుకునేది… సంక్రాంతి వెళ్ళిన దగ్గరనుంచి పట్టుకోవడం లేదు… గేటు దాకా కూడా కాదులే. ఉత్తరాల పెట్టెలుంటాయి కదా వీధి చివర, వరసగా, అక్కడ ఆగిపొమ్మంది. బతిమాలినట్టే చెప్పింది, కోపంగా కాదు. నాన్నమ్మా, అక్కడినుంచి నేను వెళ్తాను, నువ్వు చూస్తూ ఉండు అంది. చూస్తూ ఉంటాను. తిరిగి చూస్తుందేమోనని… ఒక్కోరోజు చూస్తుంది…

దేదీప్యకి ఏం కావాలనా? అడగలేదమ్మా. పెద్దవాళ్ళం నిర్ణయిస్తున్నాం కదా… అడగక్కరలేదు. తెలుసు. మిడిల్ స్కూల్లో ప్రతి పిల్లకీ ఒక బీరువా ఇస్తారట, అంకెల తాళంతో. దానికి ఏ అంకెలు పెట్టుకోవాలో ఇప్పటినుంచే ఆలోచిస్తోంది. నాకు మాత్రం చెప్పదట…

అది సరే, నువ్వు ఫోను చేసిందెందుకో చెప్పనేలేదు…

ఇవాళ సాయంత్రమా. మీటింగులో చదువుతారా, నేను రాసింది?… అందరి ముందా… పేరుతోనా?

వద్దమ్మా, వద్దు. మా ఫణి వస్తున్నాడు ఆ మీటింగుకి. ఆ గ్రూపు తరఫున మాట్లాడేది వాడే. వాడు లేచి తెలుగువాళ్ళందరికీ మిడిల్ స్కూలే కావాలి అంటాడు, ఆ వెంటనే నువ్వు లేచి వాళ్ళమ్మ పేరు చదువుతావు. బాగుంటుందా చెప్పు…

తీసెయ్. నా కాగితం చింపెయ్. రాలేదనుకో… అలా కుదురుతుందా? కుదురుతుందంటే తీసెయ్యమ్మా, పుణ్యముంటుంది. అప్పుడు లెక్క ఎంతవుతుంది?… సున్నా.

సున్నా అయితే ఏమవుతుంది?… వచ్చేసారి తెలుగు కాగితం వెయ్యరా? ఎవరూ చదవడం లేదు కాబట్టి?…

ఎవరూ చదవకపోవడమేమిటి, నేను మూడుసార్లు చదివితే…

ఉండు. నన్ను కాస్త ఆలోచించుకోనీ.

…

నేను అయిదో తరగతి చదివాను నమ్రతా. మా ఊళ్ళో బడి అంతవరకే. ఆరు కావాలంటే మూడు మైళ్ళు, పక్క ఊరు. మగపిల్లలు నడిచి వెళ్ళేవాళ్ళు. నన్ను ఆపేశారు. కొట్టి కాదు, తిట్టి కాదు. దూరం కదమ్మా అన్నారు, అంతే. నా పక్కన కూర్చునే నాగమల్లేశ్వరికి ఆ ఊళ్ళో మేనమామ ఇల్లుంది, అది వెళ్ళిపోయింది. వెళ్ళేరోజు దాని పలక నాకిచ్చింది. ఇక దానికి నోటుపుస్తకాలు కదా. నాకు ఎంత సంతోషమో, నా పలక మూల విరిగి ఉండేది. మంచి పలక దొరికిందని ఆ రోజంతా దానిమీద పేరు రాసుకుంటూ కూర్చున్నాను. అది వెళ్ళిపోయిందని నాకు తెలియడానికి వారం పట్టింది… నేను ఇక వెళ్ళనని తెలియడానికి ఇంకా ఎక్కువే పట్టింది.

తర్వాత మా తమ్ముడు ఆరుకొచ్చాడు. వాడి పుస్తకాలు వాడికంటే ముందు నేను చదివాను. ఏడు, ఎనిమిది, అన్నీ అలాగే. అర్థం కానిది ఎవరిని అడగాలి? మళ్ళీ చదివేదాన్ని… ఏడవడం లేదమ్మా. ముక్కు. ఇక్కడ గాలి పొడి, ముక్కు ఎండిపోతుంది.

అందుకని పెట్టాననుకుంటున్నావా, ఆ టిక్కు?… అలా అనుకుంటే నాకు గౌరవమే. నేనూ కొన్నాళ్ళు అలాగే అనుకున్నాను.

ఒకటి అడుగుతాను, నిజం చెప్పు. సాయంత్రం ఓటు వేస్తారు కదా మీ పెద్దవాళ్ళు. ఎటు పడుతుంది?… నీ ఉద్యోగానికేమీ కాదు, నేనెవరికి చెబుతాను. మా ఫణి మీద ఒట్టు…

అయిదుగురిలో నలుగురా. ముందే అనేసుకున్నారా. మిడిల్ స్కూలుకేనా… గదులు కూడా కట్టేశారా!

మరి మమ్మల్నెందుకు అడిగారమ్మా?… అడగాలని రూలు. అర్థమైంది. నా పెళ్ళప్పుడు కూడా అడిగారు, అబ్బాయి నచ్చాడా అని. అప్పటికి శుభలేఖలు పంచేశారు.

అయితే నేనేం రాసినా దేదీప్య వెళ్ళేదే… ఆగేది లేదు.

హమ్మయ్య అనాలో ఏమనాలో తెలియడం లేదు. పది రోజులుగా ఆ కాగితం నా గుండె మీద ఉంది. నా టిక్కు వల్ల పిల్ల ఆగిపోతుందేమోనని ఒక భయం. ఆగకపోతే ఎలా అని ఇంకో భయం. రెండు భయాలూ నావే.

లెక్కలోకి రాదంటే ఇక నిజమే చెప్పొచ్చు కదా. పెన్ను ఉందా?… టైపు చేస్తావా. సరే, చెయ్యి. నెమ్మదిగా చెబుతాను.

నేను దేదీప్య నాన్నమ్మని. ఆరో తరగతిని మిడిల్ స్కూలుకి పంపండి… ఆ, పంపండి అనే. మార్చుతున్నాను. మార్చుకోవచ్చుగా?… ఇప్పుడు కూడా నూటికి నూరేనా? మంచిది. తెలుగువాళ్ళమంతా మనసు మార్చుకున్నామని చెప్పు.

చిన్నపిల్ల అని నేను రాసింది అబద్ధం. తను చిన్నపిల్ల కాదు, వెళ్ళగలదు… చేశావా?… బడి నడిచే దూరంలో ఉంటే పిల్లని తీసుకెళ్ళడానికి ఒక మనిషి కావాలి. తల్లికీ తండ్రికీ ఉద్యోగాలు. ఏడాదిలో సగం వియ్యపురాలు వస్తుంది, సగం నేను వస్తాను. ఇంటిముందుకే బస్సు వస్తే మా ఇద్దరికీ పనిలేదు. పని లేకపోతే పిలవరని కాదు, మా పిల్లలు మంచివాళ్ళు. ఎందుకు పిలవాలో వాళ్ళకి గుర్తు రాదు… అది ఉంచు. ‘గుర్తు రాదు’, అలాగే.

ఇంకొక్కటి. బస్సు మాత్రం ఏ సంవత్సరమూ ఆపకండి. డబ్బుల్లేవని, పిల్లలు తగ్గారని ఆపకండి. దూరమని ఎవరో ఒకరు ఇంట్లో ఉండిపోతారు. వాళ్ళు మీ ఫారాల్లో కనబడరు… అంతే. కింద కృష్ణవేణి అని పెట్టు. పూర్తిగా పెట్టు.

ఎంతసేపు ఇస్తారు మనిషికి?… రెండు నిమిషాలా. ఇది చదవడానికి ఒకటి చాలు. మిగతా ఒక నిమిషం వాళ్ళని ఊరికే కూర్చోమను.

ఆ?… నువ్వు చదువుతావా…

వద్దు. ఇంగ్లీషు నువ్వు చెప్పు. తెలుగు నేనే చదువుతాను… వస్తాను. ఫణి కారులోనే వస్తాను… వాడికి ముందే చెబుతాను, అక్కడ అందరి ముందు వినేకంటే. కోప్పడతాడు. పడనీ. నిలబడి చదవాలా, కూర్చునా?… మైకు నా ఎత్తుకి వంచుతారా? నేను పొట్టిదాన్ని… పెద్ద అక్షరాలతో అచ్చు వేసి ఉంచు. కళ్ళజోడు తెచ్చుకుంటాను. ఇంతవరకూ నలుగురిలో నిలబడి చదివింది లేదమ్మా. చదవడమైతే వచ్చు.

ఉండు, పైన తలుపు చప్పుడైంది. దిగుతోంది…

ఎవరూ కాదమ్మా అంకితా, ఎవరో రాంగు నెంబరు—

కాదు. రాంగు నెంబరు కాదు. స్కూలువాళ్ళు… దేదీప్యకేమీ కాలేదు, క్లాసులో ఉంది, కంగారుపడకు. నా కోసమే చేశారు. అవును, నా కోసమే… నీ మీటింగయిందా? అయితే ఇలా వచ్చి కూర్చో. నీకు ఒకటి చెప్పాలి. ఫణికి చెప్పేముందు నీకే.

ఉంటాను నమ్రతా. సాయంత్రం కలుద్దాం.