పెద్దమ్మ చేతికి రాసిన గొర్రె కొవ్వు

అందరూ నన్ను గయ్యాళి ఆయా అంటారు, మీరూ అలాగే రాసుకోండి. వయసు నలభై ఏడు. మంచాన పడ్డవాళ్ళను ఇళ్ళకు వెళ్ళి చూసుకోవడం నా పని. ఆయాలను పంపే ఏజెన్సీ ఎనిమిది నెలల కింద నన్ను ఈ ఇంట్లో పెట్టింది.

ఈ ఇంటి పెద్దమ్మకు పక్షవాతం. మాట పోయింది, కుడివైపు పడిపోయింది. ఒకప్పుడు లాండ్రీ నడిపిన మనిషి. ఏళ్ళ తరబడి సబ్బు నీళ్ళలో నాని చేతులు బీటలు వారాయి. కోడలు తెచ్చిన క్రీము రాస్తే మంటకు కళ్ళ నీళ్ళు పెట్టుకునేది. అందుకని మాంసం కొట్టు నుంచి గొర్రె కొవ్వు తెచ్చి, ఉప్పు నీళ్ళలో మరిగించి, వడగట్టి, గడ్డకట్టాక కాస్త నువ్వుల నూనె పోసి చిలికాను. వాసన తెలియకుండా చివర్లో నీలగిరి తైలం కలిపేదాన్ని. "ఛీ, కొవ్వా!" అని కోడలు ముక్కు మూసుకుంది. నెల తిరిగేసరికి పగుళ్ళు పూడాయి. అప్పుడు నోరు మూసుకుంది.

తైలం ఘాటుకు పెద్దమ్మ కళ్ళు మండుతున్నాయని పోయిన వారం అది కలపడం మానేశాను. నేను చేసిన తప్పల్లా అదే.

మంగళవారం ఉదయం చూస్తే ఆమె ఎడమ చేతి మీద చర్మం ఎర్రగా గీసుకుపోయి ఉంది. "మా అత్తయ్యను గీరి చంపుతోంది!" అని కోడలు వీధంతా ఏకం చేసింది. కొడుకు మీ స్టేషన్లో ఫిర్యాదు ఇచ్చారు. అయ్యా, నాకు నోరు పెద్దదే. ఆమెను నేను గీరలేదు. కొట్టలేదు. గీరలేదు.

నిన్న మీ కానిస్టేబులమ్మ వచ్చి, "రోజూ ఎలా చేస్తావో అలాగే చెయ్యి" అంది. కొవ్వు రాసి, బట్టలు ఆరేయడానికి డాబా మీదికి వెళ్ళాను. కానిస్టేబులమ్మ తలుపు చాటున నిలబడింది. కేక వేస్తే దిగి వచ్చాను. పక్కింటి పిల్లి కిటికీలోంచి దూరి, మంచమెక్కి పెద్దమ్మ చెయ్యి నాకుతోంది. తైలం ఘాటు లేకపోయేసరికి కొవ్వు వాసనకు వచ్చింది, ఆ గరుకు నాలుకే చర్మం లేపేసింది.

హమ్మయ్య, బతికిపోయాననుకున్నాను. కోడలు చీపురు తీసింది. పెద్దమ్మ ఆ పుండు పడ్డ చేతినే ఎత్తి పిల్లిని కప్పేసింది.

"నొప్పెడుతుంటే ఎందుకు రానిచ్చావమ్మా?" అన్నారు కొడుకు. ఆమె నా గ్లౌజుల వైపు చూసింది.

వట్టి చేత్తో రోగిని తాకకూడదని ఏజెన్సీ రూలు. తాకితే పని తీసేస్తారు. ఎనిమిది నెలలూ రబ్బరుతోనే రాశాను. ఇంట్లోవాళ్ళు, ఆయా ఉంది కదా అని, గుమ్మంలో నిలబడే పలకరించేవారు. ఆమెను గ్లౌజు లేకుండా తాకింది ఆ పిల్లి ఒక్కటే. నాకు ఏడుపొచ్చింది, దాచను.

కిటికీ మూసి గ్లౌజులు తీసేశాను. కొవ్వు అరచేతిలో కరిగించి, పుండు వదిలి చుట్టూ రాశాను. పెద్దమ్మ నా వేలు పట్టుకుని వదల్లేదు. రేపూ అలాగే రాస్తాను. పని పోతే పోనీ, అదీ రాసుకోండి.

ఎవరి బలవంతమూ లేకుండా నా నోటితో చెప్పిన నిజమిది. చదివి వినిపించారు, ఒక్క మాట పొల్లు పోలేదు.

ఎడమ బొటనవేలి ముద్ర.

(వేలికి జిడ్డు ఉండి మొదటి ముద్ర జారింది. తుడిపించి మళ్ళీ వేయించాము.)