రసమట్టంలో చిక్కిన అల

పెద్ద ఫిట్టరుకి ఆ రోజు కాలు ఒకచోట నిలవలేదు. టీకొట్టు బల్ల మీద కూర్చుంటాడు, లేస్తాడు, రోడ్డు వైపు చూస్తాడు, మళ్లీ కూర్చుంటాడు. ఎదురుగా కొత్త ఇంజినీరమ్మ టీ ఊదుకుంటూ తాగుతోంది. కొండ మీద ఆకాశాన్ని వినే పెద్ద గొడుగు ఒకటుంది కదా, దాని పక్కన రెండోది నిలబెడుతున్నారు. పునాది పలకలు బిగించే మనిషిని ఎంచేది ఈవిడే. పక్కన కూర్చున్న బస్సు డ్రైవరు గ్లాసు ఖాళీ చేశాడంటే బస్సు కదులుతుంది, ఈవిడ వెళ్లిపోతుంది.

మొదటి గొడుగు పునాది బిగించింది మన ఫిట్టరే. బిగించిన ఏడాదికి అక్కడి పెద్ద సారు వచ్చి, పునాది వెంట్రుకవాసి ఒరిగిందని కాగితం రాసి ఫిట్టరుని పనిలోంచి పంపేశాడు. ఇరవై రెండేళ్లయింది. ఇప్పటికీ ఆ సారు ఎదురొస్తే ఫిట్టరు రోడ్డు దాటి అవతలి పక్కన నడుస్తాడు. పంపేటప్పుడు ఆ సారు ఇంకో మాట కూడా అన్నాడు. అదేమిటో ఫిట్టరు ఇంట్లో భార్యకి కూడా చెప్పలేదు.

"ఒరిగింది నా పునాది కాదమ్మా," అంటూ సంచిలోంచి ఎర్రగుడ్డ తీసి విప్పాడు. అందులో రసమట్టం, గాజుగొట్టంలో బుడగని బట్టి వాలు చెప్పేది. ఇంకొకళ్ల చెయ్యి పడని రసమట్టం. "పెద్ద సారు మిషను పెట్టి వంకరన్నాడు. నేను దీన్ని పెట్టాను. బుడగ నడిమధ్యన నిలబడింది. మరి ఒరిగింది ఏమిటంటావు?"

"ఏమిటండీ?"

"లోకం!"

"మొదలుపెట్టాడు," అంది టీకొట్టు అక్క.

"నువ్వు ఆ డ్రైవరు గ్లాసు నింపు. ఎక్కడో రెండు చీకటి గుండాలున్నాయమ్మా, కృష్ణబిలాలంటారే, అవి, ఒక్కోటి కోటి సూర్యుళ్ల బరువు, ఒకదాని చుట్టూ ఒకటి గానుగెద్దుల్లా తిరుగుతుంటాయి. అలాంటి జంటలు లెక్కలేనన్ని. అవి తిరిగితే ఈ ఆకాశమంతా అలలు అలలుగా ఊగుతుంది, దాంతోపాటు నువ్వూ నేనూ ఈ బల్లా కూడాను. నిదానమైన అలలు. ఒక్కటి దాటడానికి ఇరవై ఏళ్లు పైనే పడుతుంది. మీ సార్లే ఇక్కడ టీ తాగుతూ చెప్పుకున్నారు, నేనేం కల్పించలేదు. అసలు సంగతి ఆ తర్వాత జరిగింది, విను."

"వింటున్నానండీ."

"పునాది బోల్టుకి స్పానరు ఆనించి రెండో కొన చెవికి పెట్టాను. బేరింగు పాడైతే అలాగే కదా పట్టుకుంటాం! చెవిలో సుయ్యిమని ఒకటే చప్పుడు. ఏమిటనుకున్నావు? లోకం పుట్టిన కొత్తలో బయల్దేరిన వెలుగు! నడిచీ నడిచీ చల్లారి, చప్పుడై మిగిలింది. వింటూ బుడగ వంక చూశాను. చప్పుడు హెచ్చితే బుడగ కొండ వైపుకి, తగ్గితే రోడ్డు వైపుకి. ఈ అలా, ఆ వెలుగూ ఒకే తాడుకి కట్టినట్టున్నాయి! మీ సార్లు పుస్తకాలు తిరగేసి ఇప్పటికీ వెతుకుతున్న ముడి అదే. నాకు ఒక్క పూటలో దొరికింది."

"మరి చెప్పలేదేం బాబాయ్?" అన్నాడు డ్రైవరు.

"అడిగారా? అంతటితో ఊరుకున్నానా, నట్టు పావు చుట్టు బిగించాను. చూద్దును కదా, పాత వెలుగులో పడ్డ మడతలన్నీ ఇస్త్రీ చేసినట్టు సాపైపోయాయి! ఇంకో పావు చుట్టు బిగిస్తే గుండాలు రెండూ తిరగడం మానేసి నిలబడ్డాయి. నక్షత్రాలన్నీ ఇటే చూస్తున్నాయి. అంత పాత వెలుగూ వచ్చి గేటు దగ్గర నిలబడి, 'లోపలికి రమ్మంటారా?' అంది. 'ఉండు, చేతులు కడుక్కుని వస్తాను' అన్నాను. అప్పుడు నేను నట్టు వదులు చెయ్యబట్టి కానీ, లేకపోతే ఈపాటికి నువ్వెక్కడ, నీ బస్సెక్కడ!"

డ్రైవరుకి పొలమారింది. ఇంజినీరమ్మ మాత్రం నవ్వలేదు. రసమట్టం వంకే చూస్తోంది.

"చూడు, ఇప్పటికీ ఊగుతూనే ఉంది," అని ఫిట్టరు దాన్ని బల్ల మీద పెట్టాడు. బుడగ ఒక గీత కొండ వైపుకి జరిగి ఆగింది. "అదే అల. ఇంకా దాటిపోలేదు."

ఆవిడ గ్లాసు కింద పెట్టింది. "పెద్దాయనా, దాన్ని ఒక్కసారి తిప్పి పెట్టండి."

ఫిట్టరు చెయ్యి ఆగిపోయింది. తన కింద పనిచేసిన ప్రతివాడి చేతా మట్టం ఆ కొన ఈ కొనకి మార్చి పెట్టించి, రెండుసార్లూ బుడగ ఒక్కచోటే నిలిస్తేనే మట్టంలో తప్పు లేదని పనిలోకి దిగనిచ్చేవాడు. తనది మాత్రం ఎప్పుడూ తిప్పలేదు. తన మట్టాన్ని అనుమానించడమంటే తనని అనుమానించడమే.

"ఏం బాబాయ్, బరువుగా ఉందా?" అంది అక్క.

తిప్పాడు. బుడగ ఒక గీత రోడ్డు వైపుకి జరిగి ఆగింది.

"ఒక్క అల దాటడానికి ఇరవై ఏళ్లన్నారు," అంది ఇంజినీరమ్మ మెల్లగా. "నా టీ చల్లారేలోపే ఇది అటునుంచి ఇటు వచ్చేసిందే!"

అక్క నవ్వబోయి, ఆయన మొహం చూసి మానుకుంది. ఫిట్టరు మళ్లీ తిప్పాడు. కొండ వైపు. మళ్లీ తిప్పాడు. రోడ్డు వైపు. బల్ల కదల్లేదు, కొండ కదల్లేదు.

"మీ చెయ్యి సరిగ్గానే బిగించింది," అంది ఆవిడ లేస్తూ. "ఆ పునాది ఇన్నేళ్లూ ఒక్క గీత కూడా కదల్లేదు. మొదట్నుంచీ ఒరిగే ఉంది, అంతే. రేపు పొద్దున్నే ఇదే బస్సుకి రండి. మట్టం మేమిస్తాం."

బస్సు వెళ్లిపోయింది. ఫిట్టరు కూర్చున్నచోటే ఉన్నాడు, కాలు కదపకుండా.

"పని దొరికిందిగా, ఇంకేమిటి బాబాయ్?" అంది అక్క.

"ఆ రోజు పెద్ద సారు నన్ను పంపేస్తూ ఒక మాటన్నాడు."

"ఏమని?"

ఆయన రసమట్టాన్ని ఎర్రగుడ్డలో చుట్టి, ముడి వేసి, సంచిలో అడుగున పెట్టుకున్నాడు.

"తిప్పి చూసుకోమన్నాడు."