దీక్షలో బలిసిన చిలుక

2011. సకల జనుల సమ్మె నడుస్తున్న రోజులు. ఎల్‌బీ నగర్‌లో పశువైద్యుడు బాపిరాజు క్లినిక్. బల్ల మీద పంజరం, అందులో చిలుక. ఎదురుగా దిల్‌సుఖ్‌నగర్ ఆటో డ్రైవర్ సాయిలు, అతని భార్య అండాలు.

"దీక్షల కూసున్న చిలుకకు కొవ్వెట్ల ఒస్తది సార్? జర మంచిగ చూడున్రి."

"మంచిగానే చూశాను సాయిలు గారూ. రొమ్ము ఎముక చేతికి తగలాలి. తగలట్లేదు, కొవ్వే తగులుతోంది. ముక్కు చూడండి, ఎలా పెరిగిపోయిందో. లివర్ చెడితే అలా పెరుగుతుంది."

"గదే అడుగుతున్న. మా కామ్రేడ్ నిరాహార దీక్ష శిబిరంల ముందు వరుసల ఉండి జై తెలంగాణ అంటది. పంజరానికి దండ గూడ ఏస్తం."

"అంటే రోజూ ఉపవాసమేనా?"

"పొద్దంత ఉపాసమే. ఏం అండాలు, చెప్పు."

"నన్నెందుకు అడుగుతవ్? డేరా ఎనక మిర్చిబజ్జీల బండి ఉంది గద, దాన్ని అడుగు."

"అరె, గది కాపల ఉన్నోళ్ల కోసం. దీక్షల కూసున్నోళ్లు ముట్టరు."

"ఈయన రోజు కాపల ఉంటడు సార్. షుగర్ పెట్టుకోని. కాలు మీద పుండయింది, మానుతలేదు. దవాఖానకు పోదాం పా అంటే తెలంగాణ ఒచ్చినంక పోదాం అంటడు."

"నా ముచ్చట ఇడిసిపెట్టు. ఇప్పుడు ఒచ్చింది కామ్రేడ్ కోసం."

"సరే, చిలక సంగతి చెప్పండి. బజ్జీ పెడతారా దీనికి?"

"అంటే... చిన్న జీవి గద సార్. వాసనొస్తే ఊకుంటదా. మిర్పకాయ దానికి పానం. కొస ముక్క పెడ్తం, అంతే."

"పిండి ఒలిచి పెడతారా?"

"ఒలిస్తే ఆ పిండి ఏం జేస్తం? అది గూడ అదే తింటది."

"బావుంది. సాయంత్రం?"

"సాయంత్రం దీక్ష ఇరమణ. మాది రిలే దీక్ష సార్. రోజుకో సంఘం కూసుంటది. నిన్న ఆటోలోళ్లు, ఇయ్యాల టీచర్లు, రేపు వకీళ్లు. పొద్దుమీకి నిమ్మరసం తాగి లేస్తరు. లేసేటోళ్లు ఎవలైనా సరే, లడ్డుల మొదటి తునక కామ్రేడ్‌కు పెట్టాలె. మా శిబిరంల గదొక ఆనవాయితి అయింది."

"ఎంతమంది పెడతారు?"

"ఎంతమంది కూసుంటే అంతమంది."

"అంటే, మీరందరూ వంతులవారీగా ఉపవాసం. ఇదొక్కటీ రోజూ విరమణ."

"గట్ల అంటే ఎట్ల సార్."

"ఎలా అనమంటారు? రోజూ లడ్డూ, బజ్జీ పిండి. రెక్క విప్పే చోటు లేదు. అసలు చిలకని పంజరంలో పెట్టడమే నేరం, తెలుసా? ఎవరైనా పట్టుకుంటే..."

"పట్టుకునేటోళ్లు గూడ సమ్మెల ఉన్నరు సార్. మొన్న మా డేరలనే కూసున్నరు. లడ్డు పెట్టి పోయిన్రు."

"సర్కారు పశువుల ఆసుపత్రికైనా ముందే తీసుకెళ్లాల్సింది."

"దానికి తాళం ఉంది."

"ఎవరు వేశారు?"

"ఇంకెవలు సార్, ఈయననే దగ్గరుండి ఏయించిండు. గిప్పుడు ఆంధ్ర డాక్టర్ కాడికి పోవాల్సి ఒచ్చెనని తొవ్వ పొడుగు గొణిగిండు."

"నువ్వు ఊకోరాదు. సార్, మీరేమనుకోకున్రి."

"నేనేమీ అనుకోను. మా భీమవరం చిలకలకీ లివర్ అక్కడే ఉంటుంది."

"బతుకుతదా సార్? నిజం చెప్పున్రి. దీనికేమన్న అయితే నేను తట్టుకోలేను."

"ముందు తిండి మారాలి. తోటకూర, బెండకాయ, క్యారెట్, జామ ముక్క. నానబెట్టిన జొన్నలు కొంచెం. నూనె, తీపి, పల్లీలు బంద్."

"తినది సార్. ఆకు పెడితే మొఖం మీదికి ఇసిరికొడ్తది."

"తింటుంది. ఇవి గుంపులో బతికే పక్షులు. గుంపులో మిగతావి తింటుంటే చూసి తింటాయి. దీనికి గుంపు ఎవరు?"

"నేనే."

"అయితే మీరే తినాలి. దీని ఎదురుగా కూర్చుని, రెండు పూటలా."

"తోటకూరనా?"

"ఉడికించి."

"తాలింపు?"

"లేకుండా."

"మరి డేరల లడ్డు?"

"మీ చేతిలో చూసిందంటే అదే కావాలంటుంది."

"డేరా ఎనకకు పోయి తింట."

"నోటి వాసన పట్టేస్తుంది."

"చాయ్‌ల చక్కెర?"

"వద్దు."

"రాసియ్యున్రి సార్. ఈయనకు కనవడెటట్టు పెద్ద పెద్ద అక్షరాలల్ల రాయున్రి."

"నువ్వెందుకు నవ్వుతున్నవ్ అండాలు?"

"నవ్వుతలేను. మొన్న ఆటో నడుపుకుంట కండ్లు తిరిగి పడ్డవ్. గప్పటిసంది నాకు నిద్రలేదు. నవ్వెట్ల ఒస్తది?"

"సాయిలు గారూ, మీ షుగర్ గోలీలు కూడా దీని ముందే మింగండి. రేపు దీనికి మందు వెయ్యాలంటే అలవాటు పడాలి."

"మింగుత సార్. దీని కోసం గడ్డి తినుమన్నా తింట. ఒట్టు."

"పో, పోయి ఆటో స్టార్ట్ చెయ్యి. నేను కామ్రేడ్‌ను పట్కొస్త."

"జర పైలం. పంజరం ఊపకు."

"పోయిండు. సార్, నిజంగనే చూసి తింటదా?"

"అది నిజమేనమ్మా. చాయ్ సంగతి, గోలీల సంగతి మాత్రం చిలక కోసం చెప్పలేదు."

"మీ కడుపు సల్లగుండ. ఏడాది సంది మొత్తుకుంటున్న, ఒక్కనాడు ఇనలే."

"కానీ ఒక మాట. ఆయన ముందు చెప్పలేకపోయాను. లివర్ బాగా పాడైంది. ఎంత పథ్యం పెట్టినా ఇది ఎక్కువ కాలం బతక్కపోవచ్చు. ఇది పోతే ఆయన మళ్లీ బజ్జీల బండి దగ్గరికే పోతాడు. ఆయన్ని మీరే నెమ్మదిగా సిద్ధం చెయ్యాలి."

"ఆయనను ఎందుకు సార్? నాకు జర ముందుగాల చెప్తే సాలు. ఆయన రైల్ రోకోల జైలుకు పోయినప్పుడే అసలు కామ్రేడ్ సచ్చిపోయింది. గిసొంటిదే దీన్ని దేవులాడి తెచ్చి, ఆయన ఇడుదలై ఇంటికొచ్చే లోపట జై తెలంగాణ నేర్పెటాలకు నాకు తలపానం తోకకొచ్చింది."